శరణార్థి శిబిరములలో సూర్యుని వంట

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఇల్లు వాకిలి విడిచి, ప్రాణములు అరచేత పట్టుకొని, పరాయి దేశమునకు పోయి తలదాచుకొన్న వారిని శరణార్థులందురు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కల ప్రకారము 2024 సంవత్సరాంతమునకు ప్రపంచమున తమ తావులనుండి తరిమివేయబడినవారు 12 కోట్ల 32 లక్షల మంది. వారిలో సరిహద్దు దాటి అన్యదేశముల చేరిన శరణార్థులు సుమారు 4 కోట్ల 27 లక్షల మంది. తెలుగువారికి ఈ కష్టము పుస్తకములలో మాత్రమే చదివినది కాదు. 1942లో రంగూను నగరము జపానువారి వశమైనప్పుడు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశము చేరిన తెలుగు కుటుంబములు ఎన్నో కలవు. దారిలో రాలిపోయినవారును కలరు.

గ్రంథాలయమునకు వచ్చు పత్రికలలో శరణార్థుల వార్తలు తరచుగా కనబడుచునే యున్నవి. ఎంతమంది వచ్చిరి, ఎన్ని గుడారములు వేసిరి, ఎన్ని బస్తాల ధాన్యము దిగినది అను సంగతులు వానిలో నుండును. ఆ ధాన్యము అన్నముగా మారు మార్గమెట్టిదో మాత్రము ఎవరును వ్రాయరు. వ్రాయువారు పొయ్యి ముట్టించి యెరుగనివారగుట అందుకు కారణము కావచ్చును.

శిబిరములో కుటుంబమునకు చీటిపై ఇచ్చు సరకులు ఏవనగా: జొన్నలో, గోధుమలో, మొక్కజొన్నలో కొన్ని, కొంత పప్పు, కొంచెము నూనె, చిటికెడు ఉప్పు. మనిషికి దినమునకు 2100 కెలోరీల శక్తి నిచ్చు ఆహారము ఉండవలెనని లెక్క కట్టుదురు. విరాళములు తగ్గిన సంవత్సరములలో అదియు కోతపడును. ఇందులో ఒక్కటియు పచ్చిగా తినదగినది కాదు. అయినను వండుటకు కావలసిన కట్టెలు చాల శిబిరములలో ఆ చీటిలో ఉండవు, ఉన్నను చాలవు. గింజ ఇచ్చి నిప్పు ఇయ్యకుండుట ఎటువంటి ధర్మమో దాతలు చాలకాలము ఆలోచింపలేదు. ఆ లోటు పూడ్చుపని ఇల్లాలి తలపై పడినది.

ఆమెకు రెండే దారులు. మొదటిది, వచ్చిన గింజలలో కొన్నిటిని అమ్మి కట్టెలు కొనుట. శిబిరము చుట్టునున్న స్థానికులు కట్టెల మోపులు తెచ్చి ధాన్యమునకు మారుగా ఇత్తురు. కెన్యా దేశమున కకూమా శిబిరమువద్ద తుర్కానా జాతి పశుపాలకులకును శరణార్థులకును నడుమ ఇట్టి బేరము ఏండ్ల తరబడి సాగినది. అనగా బిడ్డల నోటి ముద్దలో ఒక భాగము పొయ్యిలోనికి పోవుచున్నదన్న మాట. రెండవది, తానే అడవికి పోవుట.

అడవి అనగా మనకు తోచునది పచ్చని చెట్ల గుంపు. సహారా ఎడారి దక్షిణపు అంచున, తూర్పు చాద్ దేశములో గాని, కెన్యా ఈశాన్యమునందలి దాదాబ్ ప్రాంతములో గాని అట్టిది లేదు. ముండ్ల తుప్పలు, దూరదూరముగ మొలచిన తుమ్మజాతి చెట్లు, ఎండిన వాగులు, అంతే. శిబిరము వెలసిన మొదటి మాసములలో దగ్గరనున్న కంప యంతయు కాలిపోవును. ఆపైన ప్రతి సంవత్సరము నడక దూరమగును. తెల్లవారకముందు బయలుదేరి, పది కిలోమీటర్లకు మించి నడచి, వేళ్లు త్రవ్వి, మోపు గట్టి, నడినెత్తిన ఎండ మాడుచుండగా తిరిగివచ్చు స్త్రీలు అక్కడ సామాన్యము. కట్టెల మోపు బరువెట్టిదో మన పల్లెలలోని పెద్ద తల్లుల మెడలకు తెలియును. కాని అక్కడి భయము మోపు బరువును గూర్చినది కాదు.

సూడాన్ దేశపు పశ్చిమభాగమైన దార్ఫూర్ లో 2003లో అంతర్యుద్ధము చెలరేగినది. గ్రామములు తగులబడినవి. సరిహద్దు దాటి తూర్పు చాద్ చేరినవారికి పన్నెండు శిబిరములు వేసిరి. వానిలో సుమారు రెండున్నర లక్షలమంది నివసించిరి. దార్ఫూర్ లోపలనే శిబిరములు చేరినవారు అంతకు ఎన్నో రెట్లు. మెదిసాన్ సాన్ ఫ్రాంతియేర్ అను వైద్యుల సంస్థ 2005 మార్చిలో ఒక నివేదిక ప్రకటించినది. 2004 అక్టోబరునుండి నాలుగైదు మాసములలో దక్షిణ, పశ్చిమ దార్ఫూర్ లలో ఆ వైద్యులు చికిత్స చేసిన అత్యాచార బాధిత స్త్రీలు దాదాపు 500 మంది. వారిలో నూటికి 82 మంది నిత్యకృత్యములకై, అనగా కట్టెలకో నీటికో పొలమునకో పోయినప్పుడు సాయుధుల వాతబడినవారు. ఈ నివేదిక వెలువరించినందుకు సూడాన్ ప్రభుత్వము ఆ దేశములోని ఆ సంస్థ ముఖ్యుని 2005 మే నెలాఖరున నిర్బంధించినది. నిజము చెప్పుటకు వైద్యులే ఇంత వెల చెల్లింపవలసి వచ్చినచోట, నోరు విప్పుటకు ఆ ఇల్లాండ్రు ఎంత జంకి యుందురో ఊహించుకొనవచ్చును.

అట్లయిన పురుషులు ఏల పోరని ఎవరైనను అడుగవచ్చును. అడిగినవారికి ఆ కుటుంబములు చెప్పిన సమాధానము ఒక్కటియే. పురుషుడు పోయినచో చంపుదురు; స్త్రీ పోయినచో చెరతురు గాని ప్రాణములతో తిరిగివచ్చును. వంటకు కట్టెలు కావలెనన్నచో ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలసి వచ్చినది. ప్రతి వారమును, ఒక్కొక్కచోట రెండు మూడు దినముల కొకసారియు, గుడారములో కూర్చుండి ఆ లెక్క వేసిరి.

సౌర కుంపటి, అనగా జనులు సోలార్ కుక్కరు అని పిలుచు సాధనము, శిబిరములలోనికి వచ్చుటకు ఇదియే ముఖ్య కారణము. పొగ లేకుండుట, చెట్లు మిగులుట మంచివే. కాని ఆ స్త్రీలకు మొదట కావలసినది ఆ నడక మానుట.

ఎండతో పనిచేయించుకొనుట తెలుగు ఇల్లాలికి క్రొత్త విద్య కాదు. వడియములు, అప్పడములు, మిరపకాయలు, మామిడి ఒరుగులు అన్నియు సూర్యుని చేతిమీదుగనే వచ్చుచున్నవి. ఎండబెట్టుటకును వండుటకును నడుమనున్నది వేడిమిని కూడగట్టు ఉపాయమొక్కటే. 1767లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ఓరాస్ ద సొస్యూర్ గాజు పలకలు మూసిన పెట్టెలో ఎండ వేడిని బంధింపవచ్చునని చూపెను. మన దేశములోనే, బొంబాయిలో, విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు ఎనిమిది అద్దములతో ఒక పొయ్యి నిర్మించి, జనవరి మాసపు ఎండలో ఏడుగురు సైనికులకు సరిపడు మాంసమును కూరగాయలను రెండు గంటలలో వండవచ్చునని 1878లో అచ్చయిన తన పుస్తకములో వ్రాసెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950 దశకములో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు పుటాకార దర్పణముతో ఒక కుక్కరు తయారుచేయించిరి. అది అమ్ముడుపోలేదు. పిడకలు ఊరక దొరకు ఇంట దానికి డబ్బు పెట్టువారెవరు? పైగా గృహిణి నడిమధ్యాహ్నము ఎండలో నిలబడి వండవలెను. శాస్త్రజ్ఞులు సూర్యుని కోణము కొలిచిరే కాని వంటమనిషి నడుగలేదు.

శిబిరములకు పోయిన కుంపటి వేరు తెగది. అమెరికాలో అరిజోనా రాష్ట్రమునందలి బార్బరా కెర్ అను ఆమె 1970 దశకములో అట్టపెట్టెలతో వంట పెట్టెలు చేసి, ఎవరైనను ఇంట చేసికొనదగినట్లు ప్రచారము చేసినది. పిదప ఫ్రాన్సు దేశపు రోజే బెర్నార్ ఆలోచించిన పలకల పద్ధతిని బట్టి 1994లో సోలార్ కుక్కర్స్ ఇంటర్నేషనల్ సంస్థవారు కుకిట్ అను సాధనమును రూపొందించిరి. దాని నిర్మాణము చూచినవారికి నవ్వు వచ్చును. మడత పెట్టదగిన ఒక పెద్ద అట్ట. దానిపై అంటించిన తళతళలాడు అల్యూమినియము కాగితము. నడుమ నల్లరంగు పూసిన మూతగిన్నె. గిన్నెను చుట్టి కట్టిన, వేడికి ఓర్చు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. ఇంతే. యంత్రము లేదు, చక్రము లేదు.

పని చేయు తీరును చెప్పవలెనన్న, మెరుపు కాగితము ఎండను గిన్నెవైపునకు మళ్లించును. నలుపు ఎండను త్రాగి వేడియగును. మనవారు బూడిదపెట్టి తోమి తోమి వదిలించు మసి ఇక్కడ కోరి పూయవలసిన పూత. సంచి ఆ వేడిని గాలికి పోనీయదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరుకు సుమారు వేయి వాట్ల శక్తి నేలమీద పడుచున్నది. అందులో కొంత చిక్కినను చాలును. ఆహారము 82 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉడుక నారంభించును. కుకిట్ దానికి మించిన వేడి నిచ్చును. అన్నమునకు, పప్పునకు రెండు మొదలు నాలుగు గంటలు పట్టును. మాడదు, అడుగంటదు, ప్రక్కన కూర్చుండనక్కరలేదు. ఎండ చాలునో చాలదో తెలిసికొనుటకు గడియారము వలదు. నిలుచున్న మనిషి నీడ మనిషి కంటె పొట్టిగా నున్నంతసేపు వంట అగునని ఒక సులువైన గుర్తు చెప్పుదురు.

కకూమా శిబిరము 1992లో వెలసినది. సూడాన్ యుద్ధమునుండి తప్పించుకొని వేలకొలది బాలురు కాలినడకను అచ్చటికి చేరినందున లోకము దాని పేరు వినెను. 1995లో అక్కడ కుకిట్ నేర్పుట మొదలైనది. పరదేశపు ఉపన్యాసకులు కాక, నేర్చుకొన్న శరణార్థి స్త్రీలే ఇరుగుపొరుగువారికి నేర్పిరి. తన ముంగిట పొరుగావిడ గిన్నెలోనుండి ఆవిరి లేచుట చూచిన స్త్రీకి ఇంకొక సాక్ష్యము అవసరములేదు గదా.

అయితే ఈ కథలో ఎక్కువ చెప్పదగినది తూర్పు చాద్ లోని ఇరిదిమి శిబిరము. దార్ఫూర్ నుండి వచ్చిన పదునైదు వేలకు పైబడిన జనము అక్కడ నుండిరి. వారిలో స్త్రీలును పిల్లలును అధికము. నెదర్లాండ్సుకు చెందిన వ్యవసాయ వాతావరణ శాస్త్రజ్ఞుడు డెర్క్ రైక్స్, ఆ దేశపు కోజాన్ సంస్థ, అమెరికాలోని జ్యూయిష్ వరల్డ్ వాచ్ అను యూదుల సేవాసంస్థ కలిసి 2006 ప్రాంతమున ఆ పని విస్తరింపజేసిరి. ముస్లిము స్త్రీలకై యూదులు ధనము పోగుచేసిన ఈ విషయము నేటి లోకములో మరల మరల చెప్పుకొనదగినది. వారు తయారైన కుంపట్లు ఓడలకెత్తి పంచి ఊరుకొనలేదు. అట్టలు, మెరుపు కాగితము, జిగురు శిబిరమునకు తెచ్చిరి. కొలతలు గీయుట, కోయుట, అంటించుట, మడచుట, ఎండబెట్టుట యంతయు శిబిరములోని స్త్రీలే చేసిరి. అందుకు కూలియు పొందిరి. కుటుంబమునకు రెండేసి కుంపట్లు ఇచ్చిరి, ఒకదానిలో ధాన్యము, వేరొకదానిలో కూర పెట్టుకొనవలెనని. సంచులు చినిగినప్పుడు మార్చుటకు ఏర్పాటు చేసిరి.

2007 అక్టోబరులో జరిగిన పరిశీలనలో కట్టెలకై శిబిరము వెలుపలికి పోవు ప్రయాణములు నూటికి 86 వంతులు తగ్గినవని తేలినది. ఈ అంకె ఆ పనిని నడిపినవారు తరచుగా చెప్పినది; అక్కడి స్త్రీలు నోటిమాటగా చెప్పిన లెక్కపై ఆధారపడినది. కనుక దానిని తూనికరాయివలె గాక దిక్కుచూపు గుర్తుగ తీసికొనుట మంచిది. 86 కాక 50 అయినను, ఆ తగ్గిన ప్రయాణములలో ప్రతియొక్కటియు ఒక స్త్రీ ఆ ముండ్లదారిని ఒంటరిగా నడువకుండిన దినమే గదా.

అడ్డంకులు తక్కువ కాదు. దార్ఫూర్ వారి ముఖ్యాహారము అసీదా. రాయలసీమ సంగటి తినువారికి దానిని వర్ణింపనక్కరలేదు. జొన్నపిండి ఎసట పోసి, తెడ్డుతో బలముగ కలియబెట్టి, ముద్దగట్టునట్లు చేయుదురు. సంచిలో మూసియుంచిన గిన్నెను మాటిమాటికి విప్పి కెలికినచో కూడబెట్టిన వేడియంతయు పోవును. ఈ చిక్కును ముందుగ ఊహింపని చోట్ల స్త్రీలు పెదవి విరిచిరి, వారిది తప్పనరాదు. చేతి అలవాటు మార్చుకొని, పిండి నీరు ఎప్పుడు కలుపవలెనో, ఎన్నిసార్లు విప్పవలెనో తామే పరీక్షించి నేర్చుకొన్నచోట పని సాగినది. పప్పు, కూర, అన్నమునకు ఏ చిక్కును లేదు.

ఇంకను ఉన్నవి. సూర్యోదయపు టీ నీళ్లకును, రాత్రి భోజనమునకును ఎండ యుండదు. దుమ్ముగాలి వీచినప్పుడు అట్ట ఎగిరిపోవును. దుమ్ము పట్టిన కాగితము మెరయదు. వానకాలమున అట్ట తడిసి మెత్తబడును. పదిమంది కుటుంబమునకు ఒక చిన్న గిన్నె ఏ మూలకు చాలును? అందువలన తెలిసినవారు సౌర కుంపటిని ఒంటరిగా పంపరు. తక్కువ కట్టెతో మండు మట్టిపొయ్యియు, ఉడుకు పట్టిన గిన్నెను దించి గడ్డితోనో గుడ్డపేలికలతోనో కప్పి దానంతటది ఉడుకునట్లు ఉంచు బుట్టయు దానికి జోడింతురు. పగటి వంట సూర్యునికి, పొద్దుగ్రుంకిన పిదప మట్టిపొయ్యికి, నడుమ బుట్టకు. ఈ ఏర్పాటున్న ఇంట కట్టె అవసరము పూర్తిగా పోకపోయినను చాల తగ్గును. కొన్ని శిబిరములలో సాయము చేయు సంస్థ తరలిపోయిన పిదప సంచులు దొరకక కుంపట్లు మూలబడినవి. స్త్రీలు మరల కట్టెలకు పోయిరి. రెండేండ్ల ఉత్సాహముతో వచ్చి మూడవయేట వెడలిపోవు దాతృత్వము మన గ్రామములలోను ఎరిగినదే.

నేపాలు తూర్పు భాగమునందలి ఝాపా, మోరంగ్ జిల్లాలలో భూటాను నుండి వెడలగొట్టబడిన లక్షకు పైబడిన జనము ఏండ్ల తరబడి శిబిరములలో గడిపిరి. 2007 నుండి వారిలో అధికులు పరదేశములకు తరలిరి. అచ్చట వజ్ర అను సంస్థ పెద్ద గొడుగు తిరుగవేసినట్లుండు దర్పణపు కుంపట్లను ప్రవేశపెట్టెను. కుకిట్ కంటె ఇవి వేగముగ వండును, నూనెలో వేపుటకును పనికివచ్చును. కాని ఖరీదైనవి, కాబట్టి కొన్ని కుటుంబములు ఒకదానిని పంచుకొనవలెను. పంపు దగ్గర బిందెల వరుస చూచినవారికి దర్పణము దగ్గర గిన్నెల వరుస ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక కఠినమైన సంగతి దాచరాదు. దాదాబ్ శిబిరములలో 1998 నుండి ఐక్యరాజ్యసమితివారు కట్టెలు కొని పంచిరి. 2001లో దానిని పరిశీలించినవారు తేల్చినదేమనగా: ఇండ్లలో కట్టెలు నిండుగా నున్న రోజులలో కట్టెలకై పోవునప్పటి అత్యాచారములు నూటికి 45 వంతులు తగ్గెను, కాని తక్కిన వేళల, తక్కిన తావుల జరుగు అత్యాచారములు పెరిగెను. దుర్మార్గుడు దారిలో కాచుట మానినంతనే మంచివాడు కాలేదు, చోటు మార్చెను. కనుక ఏ కుంపటియు కాపలా పని చేయజాలదు. శిబిరమునకు వెలుగు, పోలీసు, న్యాయస్థానము, స్త్రీల మాట వినిపించు సంఘము వేరుగ కావలెను. కుంపటి చేయగలది ఆమె తప్పనిసరిగ పోవలసిన ప్రమాదకరమైన దారులలో ఒకదానిని తీసివేయుట. అది చిన్న పనియని అనగలవాడు ఆ దారి నడచియుండడు.

ఆ దారి తగ్గిన ఇంట దినచర్య మారును. తెల్లవారి జాములు మిగులును. పదేండ్ల ఆడపిల్ల తల్లితో మోపునకు పోవుటకు బదులు బడికి పోగలదు. పోవునో లేదో బడి యున్నదా యను దానిపై ఆధారపడును గాని కట్టెలపై గాదు. కట్టెలకై అమ్మిన గింజలు కుండలోనే యుండును. పసిపిల్ల పొయ్యిలో పడునను భయము లేదు. కండ్లమంట, దగ్గు తగ్గును. ఇంటి పొయ్యిల పొగవలన 2020లో లోకమున 32 లక్షల మంది అకాల మరణము పొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన పల్లెలలో ఊదుగొట్టము పట్టుకొని ఊపిరి పోగొట్టుకొన్న అవ్వలు కూడ అట్టివారే.

నీటి సంగతియు కలదు. శిబిరములలో విరేచనములు పసిబిడ్డలను గొనిపోవు వ్యాధులలో ముఖ్యమైనవి. నీరు తెర్లి పొంగనక్కరలేదు. 65 డిగ్రీల వేడి కొంతసేపు తగిలినచో రోగక్రిములు చచ్చును. ఆ వేడి సౌర కుంపటికి సులభము. చదువురాని తల్లికి వేడిమాని ఇచ్చి అంకెలు చదువుమనిన ఫలమేమి? అందుకై ఒక చిన్న గొట్టములో మైనపు ముక్క పెట్టి నీటిలో వ్రేలాడదీయు పరికరము కనిపెట్టిరి. ఆ మైనము సుమారు 70 డిగ్రీల వద్ద కరగి క్రిందికి జారును. జారినదన్న నీరు త్రాగవచ్చును. ఇంత సూక్ష్మమైన, ఇంత చౌకైన సాధనమును కనిపెట్టినవారి బుద్ధిని మెచ్చవలెను.

తెలుగునాట ఈ విద్య ఎట్లున్నదని వినువారికి తోచవచ్చును. తిరుమల కొండపై 2002లో దేవస్థానమువారు 106 దర్పణములతో ఆవిరి పుట్టించి వేలాది భక్తులకు అన్నము వండు ఏర్పాటు చేసిరి. తిరుపతి ప్రాంతమునందలి బైసానివారిపల్లెలో ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఉన్న 36 ఇండ్లకును దర్పణపు కుంపట్లు సమకూర్చిరి. నేపాలు శిబిరములలోని గొడుగు కుంపట్ల వంటివే అవియును. బైసానివారిపల్లె ఇల్లాలికి కుంపటి లేకున్న పక్కనే కట్టెయో, గ్యాసో దొరకును. కనుక ఆమెకు అది సౌకర్యము. ఇరిదిమి స్త్రీకి అటువంటి మారుదారి లేదు.

కొందరు గ్యాసే మేలందురు, అందులో న్యాయమున్నది. బర్మా నుండి 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షలకు పైబడిన రోహింగ్యాలు బంగ్లాదేశ్ లోని కాక్స్ బజారుకు చేరినపుడు కొండలమీది అడవి కొద్దినెలలలోనే నరకబడినది. 2018 నుండి అచ్చట గ్యాసు బండలు పంచిరి. కట్టెలకు పోవువారు బాగుగ తగ్గిరి, చెట్లు మరల చిగిర్చినవి. రాత్రియు వానయు గ్యాసునకు అడ్డు కావు. అయితే ఆ బండ నెలనెల నింపవలెను, ప్రతి సంవత్సరము దాతలు ధనము పంపవలెను, లారీ పోవు దారి యుండవలెను. తూర్పు చాద్ లో వానకాలమున వాగులు పొంగినపుడు లారీలు వారములకొలది నిలిచిపోవును. ఎండకు మాత్రము లారీ వలదు. ఏది మంచిదని వాదించుటకంటె ఏ చోట ఏది అందునో చూచుట వివేకము. తూర్పు చాద్ కు ఎండ అందును. వానకాలము పోగా సంవత్సరములో అధిక భాగము నిర్మలాకాశమే.

2023 ఏప్రిల్ లో సూడాన్ లో మరల యుద్ధము మొదలైనది. దార్ఫూర్ మరల తగులబడినది. ఏడు లక్షలకు పైగా క్రొత్త శరణార్థులు అదే సరిహద్దు దాటి అద్రే మొదలగు చోట్ల గుడిసెలు వేసికొనిరి. వారిలో ఎక్కువ మంది స్త్రీలు, పిల్లలు. ఇరువది ఏండ్లనాటి శిబిరముల చుట్టు కంప యింకను మొలవలేదు. క్రొత్తవారికి ఇంకను దూరము పోవలసి యున్నది. సహాయ సంస్థల ధనము తగ్గి, చీటిపై ధాన్యము కోతపడినది. ఆనాడు ఇరిదిమిలో అట్టలు కోసి కాగితమంటించుట నేర్చిన స్త్రీల చేతులు ఆ తూర్పు చాద్ లోనే యున్నవి. వారికి కావలసినవి అట్ట, మెరుపు కాగితము, నల్లరంగు, సంచులు, ఆ సంచులు చినిగినపుడు మరల పంపు మనుష్యులు.